సున్నాతో భాగహారం

ఆత్మకూరు కాలవల ఆఫీసుకి
కొత్త కంప్యూటరొచ్చిన రోజు
కుంకం పెట్టాం, బంతిపూలు పెట్టాం.
అటెండరు రమణయ్య ఊరుకోక
మౌసు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాడు.

మర్నాడు ఏఈ సారు
బీరువా అడుగునించి ఒక ఫ్లాపీ తీసి
నా ముందు పెట్టాడు.
చీటీ మీద నీలం సిరా: "కాలవ. తడపొద్దు."
నలభై రెండు పిల్లకాలవల కొలతలు
దాంట్లోనే ఉండాయంట.
ఇంకే సాఫ్ట్‌వేర్‌తో తెరిచినా
బెల్లం చుట్టూ చీమలు.

ఫ్లాపీ దూరే సందు కొత్తదానికి లేదు.
నెల్లూరు ట్రంకురోడ్డులో కొట్టతను
పాత డ్రైవు అద్దెకిచ్చాడు, రోజుకి ఎనభై.
తీగ తగిలించి నొక్కితే
ఈ ప్రోగ్రాం మీ యంత్రానికి సరిపడదు అంది,
జాతకం కలవలేదని కబురంపినంత మర్యాదగా.

పాత కాలమే అనుకో, అని చెప్పుకునే గడి
దాంట్లో ఒకటుంది.
తొంభై ఎనిమిదనుకో అన్నా. అనుకోలేదు.
పోనీ తొంభై అయిదు? ఊహూ.
చివరికి దాని కడుపులోనే
ఒక నల్లపెట్టె కట్టి
ఇది నీ పాత ఇల్లే, లోపలికి రా అన్నా.
గడప దాకా వచ్చింది.
ఒక్క వాక్యం రాసిపెట్టి వెళ్లిపోయింది:
తప్పు నంబరు రెండొందలు. సున్నాతో భాగహారం.

మూడు రోజులు వెతికా.
నేనింకా ఒక్క అంకె ఇస్తేగా
దాంట్లో సున్నా ఉండటానికి!

నాలుగోరోజు రాసినాయనకే ఫోను చేశా.
ట్రేసరు పెంచలయ్య, రిటైరై పదహారేళ్లు.
పొదలకూరు నిమ్మకాయల యార్డులో
లెక్కలు రాస్తా ఉండాడు.
వెనక వేలంపాట, లారీ హారను.
"ఎవురు మే? షంషాదా?
ఓరి నీ... అదింకా బతికుండాదా?"
మధ్యలో ఎవరికో బస్తా రేటు చెప్పి
మళ్లీ నా దగ్గరికొచ్చాడు.
"లేవంగానే అది మిషను నాడి చూస్తది.
వెయ్యి దాకా లెక్కబెట్టమంటది,
పట్టిన టయిముతో భాగిస్తది.
మా రోజుల్లో వెయ్యంటే
చుట్ట ముట్టించుకునేంత సేపు.
మీదానికి టయిమే పట్టకపాయె,
ఇంక దేంతో భాగించమంటావు?
నిదానం చెయ్యి మే. ఎద్దులబండి చెయ్యి."

చేశా.
నూటికొక వంతుకి దించా, ఇంకా దించా.
నలభై వేలు పోసి కొన్న వేగాన్ని
కాళ్లకి బందం వేసి కట్టేశా.
సారు తొంగిచూసి "ఏం చేస్తున్నావమ్మా?" అంటే
"స్లో చేస్తున్నా సార్" అన్నా.
మా ఆఫీసులో ఆ మాట
ఎవరికీ వింతగా వినిపించలేదు.

అప్పుడు లేచింది.
నల్ల తెర, పచ్చ అక్షరాలు,
ఇంగ్లీషు లిపిలో మన మాటే.
అడుగు వెడల్పెంత?
వాలెంత?
మన్ను ఎర్రదా, నల్లదా?
నేను చెప్పి ఆగితే
అదీ ఆగి,
మినుకూ మినుకూ మంటా ఆలోచించి,
ఇంకోటి అడిగింది:
బర్రెలు దిగే చోటా?

కొత్త సాఫ్ట్‌వేర్‌కి ఏడాదికి లక్షన్నర.
ఒండ్రు అడిగింది. భూకంపమూ అడిగింది.
బర్రెల ఊసెత్తలేదు.

ఔనని కొట్టా.
గట్టు ఆ ఒక్కచోట
చుక్క తర్వాత చుక్కగా
రెండు గజాలు కిందికి వాలి పరుచుకుంది.
సంగం వైపు ఏదో ఊళ్లో
బురద మోకాళ్లతో పైకెక్కే ఒక బర్రె కోసం
ముప్పయ్యేళ్ల కిందట పెంచలయ్య
ఒక లైను ఎక్కువ రాసుండాడు.

ప్రింటరుకి దీని భాష రాదు.
అందుకని తెర చూస్తా, పెన్సిలుతో
గళ్ల కాగితం మీదికి నేనే ఎక్కిస్తా ఉండా.
ఆరుంబావు. సారు వెళ్లిపోయాడు.
రమణయ్య టీ పెట్టి ఫ్యానాపాడు, కాగితాలెగరకుండా.

ఇంకా నలభై ఒకటి.
రెండో కాలవ. నల్లమన్ను.
అది ఆలోచించేలోపు
టీ తాగొచ్చు.