ఎత్తు లేని పువ్వు

జహంగీర్ భాయ్ కుట్టు మిషన్ కింద
సాయంత్రం పూట నేను ఏరుకునేది
ఇతరుల పెళ్ళిళ్ళు.
జాకెట్టుకు పోగా మిగిలిన పోచంపల్లి తునక,
నారాయణపేట అంచు,
చంక దగ్గర కత్తిరించి పారేసిన నెలవంక.
"ఏం జేస్తవమ్మా ఈ చిందీలతోని?" అంటాడు.
అంటూనే పట్టు ముక్కలు వేరే సంచిలో దాచి ఉంచుతాడు.

మెట్టుగూడ గదిలో రైలు పోయినప్పుడల్లా
పట్టకారు కొసన రేకు వణుకుతుంది.
బొటనవేలి గోరంత చదరం:
మూలకు మూల, మళ్ళీ మూలకు మూల.
మూడో మడతకి బట్ట బట్టగా ఉండటం మానేస్తుంది.
జపాన్‌లో వీటిని అన్నం జిగురుతో అతికిస్తారట.
నవ్వొచ్చింది.
నా హాల్‌టికెట్ మీద ఫోటో అంటించడానికి
అమ్మ వేలితో మెదిపిన మెతుకు అదే కదా.

మొదట్లో అన్నీ పూలజడలే చేశాను.
కుప్పెలు, చామంతులు, ఊపిరాడని బిల్లలు,
వెంట్రుక కనబడితే తప్పన్నట్టు.
ఎక్కడో ఒక బొమ్మ చూశాను తర్వాత:
నల్లటి కొప్పు, పక్కకి ఒరిగిన కొమ్మ, మూడు పూలు.
మిగతాదంతా జుట్టే.
ఆ నలుపును కూడా ఎవరో ఏరి పెట్టినట్టుంది.
ఆ రాత్రి అంటించినవన్నీ ఊడదీశాను.

బేగంబజార్ సేఠ్ డజను పిన్నులు తిప్పి పంపాడు.
"ఈడ గ్యాప్ ఉంది. ముత్యం పెట్టు, నిండుగుంటది."
అది గాలి కూర్చునే చోటు సేఠ్...
అనలేదు.
డబ్బా మూత పెట్టి బస్సెక్కాను.

నవనీతది ట్రాఫిక్ డ్యూటీ, సంగీత్ చౌరస్తాలో.
"టోపీ కిందికి పట్టాలె. ఎత్తుండొద్దు.
ఎస్సై సారు కంట పడొద్దు."
మరి ఎవరికి కనబడుతుందన్నాను.
"నాకు ఎర్కనే గద."

వారం పట్టింది ఆ ఒక్కదానికి.
ఎత్తు లేని పువ్వంటే రేకుల్ని పడుకోబెట్టాలి,
వాన వెలిశాక తారురోడ్డుకు అంటుకుపోయిన తురాయిలా.
బూడిద రంగు పట్టు. లోపలివైపు మాత్రం ఎరుపు.
ఐదు రేకుల చోట నాలుగు.

నిన్న ఆమె చెయ్యెత్తింది.
సిటీ బస్సు, ఆటోలు, గ్యాసు బండల లారీ,
నడుచుకుంటూ నేనూ, ఆగాం.
మాస్కు మీద పొగ, సూటిగా తెల్ల టోపీ.
నేను చూస్తున్న చోట ఏమీ లేదు.
ఎర్ర అంకెలు తగ్గుతూ తొమ్మిదికొచ్చాయి.
టోపీ ఒకసారి సర్దుకుంది,
సర్దుకోవలసినంత జారకపోయినా.