చీటీ మీద పేరు

మనోరంజితం కావాలనిపించింది నాకు
రాత్రి పదకొండున్నరకి.
ఆ వేళకి యాప్రాల్ రోడ్డు మీద
అండాలమ్మ నర్సరీకి పచ్చ పరదా దించేసి ఉంటుంది.
ఫోనుకి పరదా లేదు.

త్రిశూర్ దగ్గర ఏదో ఊరట.
మొక్క మూడొందల నలభై, పంపే ఖర్చు నూటపది.
బొమ్మలో పువ్వు పచ్చగా, బద్ధకంగా వేలాడుతోంది.
వాసన బొమ్మలో రాదు కదా,
అది నేనే తెచ్చి కలుపుకున్నాను:
మా మేనత్త రుమాలు కొసన ముడేసి తెచ్చే ఒక్క పువ్వు.
ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వేస్తుందనేది.
నేను ప్రతిసారీ సీతాఫలమే తలుచుకునేదాన్ని.

తొమ్మిది రోజులకి వచ్చింది.
మే నెల.
పెట్టె మీది బాణం గుర్తు నేలని చూపిస్తోంది.
లిఫ్టు లేని మూడంతస్తులూ ఎక్కొచ్చిన అబ్బాయి
అంకెలు చెప్పమన్నాడు. చెప్పాను.
చెంబెడు నీళ్ళు అడిగి తాగాడు.
పెట్టె అడగలేదు.

టేపు. టేపు కింద టేపు.
మలయాళం పేపరు, కొబ్బరి పొట్టు,
అందులో జానెడు పుల్ల, నాలుగాకులు,
మెడలో చీటీ: మనోరంజితం.

తార్నాకలో ల్యాబ్ పని నాది.
పొద్దంతా రక్తం గొట్టాల మీద పేర్లు అంటిస్తాను.
చీటీని నమ్మకపోతే నాకు రోజు గడవదు.

రెండాకులు రాలాక
పుల్లని క్యారీబ్యాగులో పెట్టుకుని
అండాలమ్మ దగ్గరికి బయల్దేరాను,
వేరే డాక్టరు రాసిన మందులతో
మన డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు, తల కొంచెం వంచి.

కడియం లారీ అప్పుడే దించిన గులాబీలకి
గొట్టంతో నీళ్ళు పడుతోంది.
మొక్కని చూసింది. నన్ను చూసింది.
"మా తాన ఉన్నదా అని అడిగితె
నీ నోట్ల ముత్యాలు రాల్తయా?"
ఆకు తుంచి, నలిపి, నా ముక్కు కింద పెట్టింది.
"సూడు. సీతాఫలం బిడ్డా ఇది.
నాలుగొందల యాభై పెట్టి తెప్పిచ్చుకున్నవు,
గుట్ట మీద పోరగాళ్ళు ఉమ్మేసిన గింజకి మొలుస్తది."

కంపెనీకి రాశాను.
ఫొటో పంపమంది, పంపాను.
అసౌకర్యానికి చింతిస్తున్నాం అంది.
చింతిస్తున్నది ఎవరో పేరు లేదు.
ఎన్ని నక్షత్రాలిస్తారని అడిగింది.

న్యాయంగా చెప్పాలంటే
అండాలమ్మా తక్కువది కాదు.
ముద్దమందారమని
నాకు రెక్కమందారం అంటగట్టింది ఆ ముందేడు.
పూసిన పువ్వు తెంపుకెళ్ళి
బస్సులు పోయే రోడ్డు మీదే పోట్లాడాను.
నాకన్నా గట్టిగా అరిచింది:
నీ కుండీ చిన్నది, నీ బోరు నీళ్ళు ఉప్పు,
మందారం గుడ మనిషి లెక్కనే,
ఉన్న ఇంటిని బట్టి పూస్తది!
నాకు నవ్వొచ్చేసింది. అది చూసి తనూ ఆపేసింది.
వస్తుంటే ఓ కరివేపాకు పిలక సంచిలో పడేసింది.
ఇవాళ్టి చారులో వేసింది దాని ఆకే.

ఆ పుల్లని ఎనిమిది రోజులు నీడన ఉంచుకుంది.
రంగుల డబ్బాకి మేకుతో చిల్లులు పొడిచి,
ఎర్రమట్టి పోసి నాటి ఇచ్చింది.
అరవై రూపాయలు. బేరమాడితే వినలేదు.

రెండేళ్ళు.
బట్టలు ఆరేసే తీగ కింద, గ్యాస్ బండ పక్కన
నా భుజం దాకా పెరిగింది.
చీటీ తీసెయ్యలేదు,
ఎండకి అక్షరాలే వెళ్ళిపోయాయి, ఒక 'మ' తప్ప.

జూన్ మొదటి వానకి మొగ్గ వేసింది.
ఒక్కటే. ఆకుపచ్చగా, కిందికి వంగి, గట్టిగా మూసుకుని.
ఫొటో తీసుకెళ్ళి చూపించాను.
అండాలమ్మ కొంగుతో ఫోను తుడిచి
దూరంగా పట్టుకుని చూసింది,
దగ్గరగా పట్టుకుని చూసింది.
సీతాఫలమే అంది. రెండూ ఒక తీర్గనే ఉంటయి
విచ్చేదాకా, అని కూడా అంది, కొంచెం మెల్లగా.

పందెం అన్నాను.
గొట్టం కింద పడేసి చెయ్యి చాపింది.
మనోరంజితమే అయితే
నాకో ముద్దమందారం ఊరికే ఇస్తుందట.

ఈసారి అసలుది, అంది.