తలుపు వెనక

నడుము దగ్గర నాలుగంగుళాలు వదులు చేశాను.
వెండి రంగు బట్ట, నలభై రెండేళ్ళ నాటిది.
కుట్టు విప్పితే మడత లోపల
రంగు ఇంకా కొత్తగానే ఉంది.

"ఊపిరి బిగబట్టక్కర్లేదు, కెప్టెన్" అన్నాను.
గ్విలిమ్ ప్రోసర్ నవ్వాడు. మోకాలికి పట్టీ.
తీసేది ఏడంటే ఏడు నిమిషాల ముక్క,
పాత భాగాలన్నీ పెట్టెలో సర్ది
మళ్ళీ అమ్ముకోవడానికి.

కార్డిఫ్‌లో వాన. బయట జనరేటర్ గురక.
చెవి మిషను జుట్టు కింద దాచుకుని మెరెరిడ్ వచ్చింది.
పదకొండేళ్ళు మాటల్లేవు ఈ ఇద్దరికీ.
ఎందుకో ఇప్పుడు గుర్తులేదట,
లేదా, గుర్తులేదని ఒప్పందం.

మరమనిషి వేషం కట్టే టెగిడ్ లేడు.
ఖాళీ తొడుగును కుర్చీలో కూర్చోబెట్టారు.
దాని ఒళ్ళో ఎవరో టీ కప్పు మరిచిపోయారు.

యాక్షన్.
ఇద్దరూ నడిచారు. తలుపు ముందు ఆగారు.
తలుపేమో అప్పటికే తెరుచుకుంది.
"ఎందుకాగారు?" అన్నాడు కుర్ర దర్శకుడు.
మళ్ళీ తీశారు.
మళ్ళీ ఆగారు, అక్కడే, అంతసేపే.

ఆ పిల్లాడికెలా చెప్పను,
అప్పట్లో అంతరిక్ష నౌక తలుపులు ప్లైవుడ్డువని,
వెనక తాడు పట్టుకుని ఇడ్వాల్ ఉండేవాడని,
సిగరెట్టు పక్కన పెట్టి లాగేసరికి
వాడికో క్షణం పట్టేదని?

మూడోసారి
నోట్లో గుండుసూదులతోనే వెళ్ళి
మోటారు తీగ పీకేశాను.
తలుపు వెనక నిలబడి
చేత్తో లాగాను,
ఒక్క క్షణం ఆలస్యంగా.