మిగిలిన రెండున్నర గంట

తిరుపతి బస్టాండు ఎదర సందులో మా కొట్టు.
షట్టరు మీద అంటించిన విమానానికి
ఒక రెక్క చినిగి ఏడాదైంది.
అది అట్లే ఎగరతా ఉండాది.

"కువైట్ ఎంత దూరమన్నా?"
దినానికి పదిమందన్నా అడగతారు.
మదరాసు నుంచి మూడువేల ఏడొందల చిల్లర కిలోమీటర్లు,
అయిదు గంటలు.
ఒక్కసారీ విమానం ఎక్కనోణ్ణి,
దోసె ధర చెప్పినట్టు చెప్పేస్తా.

ఎవురికీ ఆ లెక్క చాలదు.
చెంగల్రాయుడికి దూరమంటే బీడీలు:
"అంతసేపు కాల్చకుండా ఎట్లన్నా?"
నాగూర్‌బీకి దూరమంటే నమాజు:
"మబ్బుల్లో తెల్లారితే ఏ దిక్కుకు తిరగాల?"
నాకేం తెలుసు. టికెట్టు మీద
ఊర్లుంటాయి, దిక్కులుండవు.

ఈడ్నించి మదరాసుకు బస్సే నాలుగ్గంటలు.
పుత్తూరు, నగరి, యాడో ఒక చోట టీకి ఆపితే ఇంకో అరగంట.
సముద్రం దాటేదీ నగరి దాటేదీ
దగ్గిర దగ్గిర ఒకటేనమ్మా అంటా.
నవ్వతారు.
నవ్వితే చేతిలో సంచి కొంచిం వదులవతాది.

మొన్న రెడ్డెమ్మ వచ్చింది, చిన్నగొట్టిగల్లు నుంచి.
రెండేండ్ల వీసా, వంటపని.
కూలికి చింతపండు కొట్టీ కొట్టీ
గోళ్ళ సందుల్లో నలుపు.
ఆ వేలితోనే టికెట్టు మీద అంకెలు తడిమింది.

"తెల్లారుజామున నాలుక్కి లేస్తాది,
ఆరున్నరకు దిగతాది అని ఉండాదే.
నువ్వేమో అయిదు గంటలంటివి?"

ఆడ గడియారం మనకన్నా
రెండున్నర గంట వెనకమ్మా, అన్నా.
రసీదు వెనకాల పొద్దును గీసి చూపించినా,
మనకు ముందు, వాళ్ళకు తర్వాత.
ఆమె పొద్దును చూళ్ళేదు.

"అయితే ఆ రెండున్నర గంట ఎవురిది?"

పద్నాలుగేండ్లుగా అమ్మతా ఉండా టికెట్లు.
ఈ మాట ఎవురూ అడగలేదు.
"నీదేనమ్మా" అన్నా,
ఏదో ఒకటి అనాల గదా అని.

వడ్డీకి తెచ్చిన నోట్లు ఎంచతా ఎంచతా ఆగింది.
"నాది అని ఒక గంట
నేను పుట్టినాక చూళ్ళేదన్నా.
నిద్రపోతా.
ఎవురూ లేపొద్దని చెప్పు."

ఎవురికి చెప్పేది?
తిరిగొచ్చేటప్పుడు ఆ గంటల్ని
గడియారం వసూలు చేస్తాదని,
రాత్రి ఎనిమిదికి ఎక్కితే
తెల్లారుజామున మూడుకు గానీ దించదని
చెప్పబొయ్యి మింగేసినా.
ఒక బాకీతో పోతా ఉండాది,
ఇంకొకటి ఎందుకులే.

నిన్న సందేళ బస్సెక్కింది.

పొద్దున పాలపాకెట్టు కత్తిరిస్తా గడియారం చూసినా.
ఆరున్నర.
టికెట్టు ప్రకారం దిగిపోయుండాల.
నా లెక్కన ఇంకా నీళ్ళ మీదనే ఉండాది,
తలకాయ కిటికీకి ఆనించి.

ఎనిమిదికే కొట్టు కాడికి పొయ్యి
మెట్టు మీద కూర్చున్నా.
ఎదురంగట్లో పూలు కట్టే ఆయప్ప
"తీయలేదేం సామీ?" అన్నాడు.

తొమ్మిది కానీలే అన్నా.
మా షట్టరు బలే చప్పుడు.