కడుపు నిండిన నీళ్ళు

ఎర్రనీరు దిగిన ఆషాఢంలో
రేగులంక బడిలో, రెండో తరగతికి
పదార్థం మూడు స్థితులూ చెప్పాలి నేను.
పుస్తకంలో మంచుకొండ బొమ్మ ఉంది.
వీళ్ళు మట్టికొండ కూడా చూడలేదు.
వైనతేయ గట్టే వీళ్ళకి తెలిసిన ఎత్తు.

అందుకని రాజోలు వెళ్ళి
పావుకిలో పటిక తెచ్చాను.

ప్రతి ఇంట్లో ఉండేదే.
బిందెలో గోదారి ఎర్రగా ఉన్నప్పుడు
నాలుగు చుట్లు తిప్పి, తుడిచి, గూట్లో పెట్టేస్తారు.
అయినా నూకరాజు
పటికబెల్లం అనుకుని ఓ ముక్క బుగ్గన పెట్టాడు.
వాడి మొహం ముడుచుకున్న తీరుకి
తరగతి తరగతంతా పడీపడీ నవ్వింది.
ఆ రోజుకి పాఠం అదే.

మర్నాడు వంట తాయారమ్మ
ఎసట్లోంచి చెంబుడు మరుగునీళ్ళు తీసిచ్చింది.
చెంచాడు పటికపొడి వేశాం. మాయం.
ఇంకోటి. మాయం.
మేం లెక్క తప్పాక ఒక చెంచా
ఎంత కలిపినా అడుగునే కూర్చుండిపోయింది.
"నీళ్ళకి కడుపు నిండిపోయిందండి" అంది కెజియా.
సంతృప్త ద్రావణం అనే మాట
నా నాలుక చివరిదాకా వచ్చి
సిగ్గుపడి వెనక్కి పోయింది.

ఆరు ఊరగాయ సీసాలు కిటికీ గూట్లో.
మూతిమీద అడ్డంగా పెన్సిలు,
పెన్సిలుకి వలదారం, దారానికి పటిక గింజ.
ముట్టుకోకూడదు, కదపకూడదు.
ఏడేళ్ళ వాళ్ళకి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

పైగా వానాకాలం.
ఆరేసిన లంగాయే మూడు రోజులు ఆరదు ఇక్కడ.
సీసాలో నీళ్ళు మాత్రం
ఎవరూ చూడనప్పుడు గోరెడు, గోరెడు తగ్గేవి.
"ఎక్కడికెళ్ళాయండి?"
"గాల్లోకి."
"చెప్పకుండానా?"

పదిహేనో రోజుకి కెజియా దారానికి
చింతగింజంత వెలుగు.
ఎనిమిది ముఖాలు, ఎక్కడా వంకర లేదు.
"ఎవరు చెక్కారండీ?"
"ఎవరూ చెక్కలేదు. ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి,
ప్రార్థనలో మీలాగ."
"మేం అలా నిలబడమండి."
నిజమే.

నూకరాజు సీసాలో గింజ పెరగలేదు.
అడుగున ఉప్మారవ్వలా ఇంత పొడి.
రోజుకి పదిసార్లు ఊపి చూశాడట.
"నిద్దరోయిందేమోనని లేపానండి, ఆయ్."

ఆ శనివారం రాత్రే
ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక అన్నారు.
రేవు దాటలేక నేను ఇవతలే ఉండిపోయాను.
ఊళ్ళో మెట్ట మీదున్నది బడొక్కటే.
అరవై మంది, మేకలతో, కోళ్ళతో,
రేషను బియ్యంతో ఎక్కేశారు.
మంచినీళ్ళ పడవ రాలేదు.
డ్రమ్ముడు వరదనీళ్ళు ముంచి
"పటిక ఏదర్రా" అన్నారట ఎవరో.
గూళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి.

ఆరో రోజున పడవ దిగి వెళ్ళేసరికి
గోడకి మోకాటి ఎత్తున బురద గీత,
కిటికీలో ఆరు సీసాలు,
ఆరు ఉత్త దారాలు.
నా రిజిస్టరులో ఫలితం అనే గడి ఒకటుంది.

"మీ గింజలేవి?"
"తాగేశామండి" అంది కెజియా.

వెనకనుంచి నూకరాజు తోసుకొచ్చాడు.
"అందరికంటే నాదే ముందు కరిగిందండి!
వాళ్ళవి గట్టివి కదా,
ఎంత తిప్పినా కరగవే.
నా రవ్వ ఇలా వేస్తే అలా ఐపోయింది!"
తాయారమ్మ తలూపింది. నిజమే అంది.

డ్రమ్ము అడుగున బెత్తెడు ఒండ్రు,
మెత్తగా, తీరిగ్గా పేరుకుని ఉంది.
మనం నిలబడ్డ ఈ లంక కూడా
ఇలాగే ఎప్పుడో, అని చెప్పబోయి ఆగాను.
అది పై తరగతిలో వస్తుంది.

పారబోయబోతే వాడు ఒప్పుకోలేదు.
రెండు చేతులా తోడుకుని
వరదకి వేళ్ళు తేలిన పొట్లపాదు దగ్గరికి మోశాడు,
ఊపకుండా,
ఈసారి నిజంగానే
ఊపకుండా.