అంటు కింద

మర్రిగూడకు నన్ను పంపినప్పుడు
నాకు ఇరవై ఎనిమిదేళ్లు.
సంచిలో పన్నెండు నెలల ప్రణాళిక.
నెలనెలా నల్లగొండకు నివేదిక రాయాలె:
కొత్త కుటుంబాలు ఎన్ని, బాప్తిస్మాలు ఎన్ని,
కానుకలు ఎంత.

మొదటి ఆదివారమే దీర్ఘశాంతం మీద
ముప్పావు గంట మాట్లాడిన.
పదకొండు మంది విన్నరు.
పన్నెండో మనిషి దోర్కమ్మ
గుడి వెనక, బోర్లించిన బకెట్ మీద కూచుని
బత్తాయి మొక్కకు పాదు చేస్తున్నది.

ఈ ఊరి పాత నీళ్లు
ఆమె ఎముకల్లో గడ్డకట్టి ఉన్నయి.
మోకాళ్లు వంగవు.
మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలె.
మోకరించండి అని నేను అన్నప్పుడల్లా
నిలబడే ఉంటది.
మొదట్లో అది మొండితనం అనుకున్న.

బిందె ఎత్తలేదు, చెంబుతో పోస్తది.
ఇరవై చెంబులు,
ఇరవై సార్లు పోవుడు, ఇరవై సార్లు వచ్చుడు.
పైపు కొనిస్తా అన్న.
"పైపుల నీళ్లు ఉరుకుతయ్ అయ్యగారూ,
మట్టి తాగేదెప్పుడు?"

శ్రావణంల మొక్క ఒక్కసారి ఎగబాకింది.
మూడు వారాల్లో మూరెడు కొమ్మలు, నిగనిగ.
ఫోటో తీసి నల్లగొండకు పంపిన.
మర్నాడు పొద్దున చూస్తే
దోర్కమ్మ చేతిలో కత్తెర,
కొమ్మలన్నీ నేల మీద.

కోపం వచ్చింది. దాచుకోలే.
ఆమె నా వేలు పట్టుకుని
మొదలు దగ్గర ఒక గంటు మీద పెట్టింది.
"ఇది అంటు.
దీని మీద మొలిచింది బత్తాయి.
కింద మొలిచింది అడివి నిమ్మ, ముండ్లది.
కిందిదే బిరాన పెరుగుతది.
చూసెటోళ్లకు కిందిదే బాగుంటది."

ఆ రాత్రి నిద్ర పట్టలే.
నాలో ఏది అంటు పైన, ఏది కింద
తడుముకుంట కూచున్న.
బల్ల గుద్దే నా చెయ్యి,
కొత్త మందిరానికి రేకుల లెక్క,
తాగొచ్చిన సంసోనును మెట్ల మీంచే
వెళ్లగొట్టిన మాట.
అన్నీ నిగనిగలాడుతున్నయి.

మూడో ఏడు పూత.
ఆ వాసనకు ప్రసంగం మధ్యలో మాట మరిచిన.
ఎనిమిది పిందెలు నిలిచినయి.
ఎనిమిదీ గిల్లేసింది.
"తల్లి ఇంకా పసిది.
ఇప్పుడే మోస్తే నడుము పోతది."
నడుము సంగతి ఆమెకు తెలుసు.
నేను నోరు మూసుకున్న.

సంసోను ఇప్పుడు మెట్ల దాకా వస్తడు.
లోపలికి రాడు.
నేనే పోయి మెట్ల మీద కూచుంట.
పెద్దగా మాట్లాడుకోం.
ఒకరోజు బీడీ చాటుకు పెట్టుకున్నడు,
ఇంకోరోజు మరిచిండు.

బాప్తిస్మాల గడిలో
ఈ నెల కూడా సున్నా రాసిన.
గుండ్రంగా వచ్చింది,
పాదు లెక్క.

అంజూరపు చెట్టును నరకొద్దని,
ఇంకొక్క ఏడాది చూద్దామని
యజమానిని బతిమాలిన తోటమాలి గురించి
నిన్న చెప్పిన, పది నిమిషాలే.
ఆ ఏడాది తర్వాత ఏమైందో
ప్రభువు చెప్పలేదు.
నేనూ చెప్పలే.
అయిపోయినంక గుడి వెనకకు పోయి
చెట్టు పక్కన నిలబడి కండ్లు మూసుకున్న,
చాలాసేపు.

"అయ్యగారూ" అన్నది దోర్కమ్మ,
చెంబు పట్టుకుని, మనిషంతా నా దిక్కు తిరిగి,
"పాదుల నిలబడ్డరు.
జర పక్కకు జరగున్రి."