తీగ లోపలి మాట

లాయె రేవు నుంచి ఎంగా కొండల్లోకి
రెండు రోజులు ట్రక్కు మీద వచ్చాను.
సంచిలో మూడు కాగితాలు, తడిసిన బిస్కట్లు.

నాయనమ్మ పసొనే తోటలోనే ఉంది,
మట్టిదిబ్బ పొట్టలో ఎండుగడ్డి కుక్కుతూ.
గడ్డి కుళ్లితే వేడి పుడుతుంది,
ఆ వేడికి మంచు దుంప జోలికి రాదు.
ఇది ఆవిడకి ఏ కాలేజీ చెప్పలేదు.

"ఏం చదువుతున్నావక్కడ?"
"కౌకౌ గురించి."
ఉన్న నాలుగు పళ్లూ కనపడేలా నవ్వింది.
"చిలగడదుంపని చదవడానికి సముద్రం దాకా పోయావా!"

జన్యువుని మా భాషలో ఏమంటారో నాకు తెలీదు.
తడబడి తడబడి
విత్తు లోపలి మాట అన్నాను.
"విత్తు వేసి కౌకౌ పెంచేదెవరే?"
సరే, తీగ లోపలి మాట.

మట్టిలో ఒక పురుగు, నాయనమ్మా,
పురుగు అనడానికి కూడా చాలనంత చిన్నది.
తీగకి గాయమైతే దానికి వాసన తగులుతుంది.
అక్కడికి చేరి
తన మాటల్లోంచి ఒక ముక్క తెంపి లోపలికి పంపుతుంది.
ఆ ముక్క గది దాటి, గదిలో గది దాటి,
తీగ తన మాటలు దాచుకున్న చోట
రెండింటి మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది.
ఇక తీగ దాన్నీ తనదే అనుకుని చదువుకుంటుంది.
చాలాసార్లు అక్కడో కంతి లేస్తుంది, అంతే.
ఎప్పుడో, సముద్రం అవతల, ఎన్ని వేల ఏళ్ల కిందటో,
ఆ గాటు పడిన చోటు నుంచే కొత్త మొక్క లేచింది.
దాన్ని ఎవరో తుంచి నాటారు,
వాళ్ల దగ్గర ఇంకెవరో తుంచుకున్నారు.
నేను చూసిన పద్నాలుగు రకాల్లోనూ,
ఇదిగో ఈ ఎర్రతోలు దాంట్లోనూ,
ఇల్లరికం వచ్చి ఇక కదలనివాడిలా
ఆ పరాయి ముక్క ఉంది.

నిరుడు పెదనాన్న క్యాకస్ రేడియో విని
వ్యవసాయాఫీసు ఇచ్చిన తీగలన్నీ పోగేసి తగలబెట్టాడు,
పరాయిది కలిపారని.
ఆ నిప్పుల్లోనే కౌకౌ కాల్చుకు తిన్నాడు.

నాయనమ్మ గడ్డి కుక్కడం ఆపింది.
"ఆ ముక్క తీసేస్తే దుంప ఊరదా?"
"తెలీదు. అదే ఊరించిందేమో అంటారు కొందరు.
రుజువు లేదు."
"తెలీదని చెప్పడానికి రెండు రోజులు ట్రక్కెక్కావా."

కాసేపాగి,
"మరి ఆ పురుగుకి పందులెన్ని ఇచ్చారు?"
"పందులా?"
"పిల్లనిచ్చింది కదే."
ఒక్కటీ ఇవ్వలేదన్నాను.
"నాకు పద్దెనిమిది ఇచ్చారు. రెండు కుంటివి.
లగాయిప్ దాటి వచ్చిన రోజు
బిలుం సంచిలో మా అమ్మ తోట తీగలు తెచ్చుకున్నాను.
మా అత్త వాటిని ఆ పందులకే వేసింది.
ఒకటి మిగిలింది."

ఏదని అడిగాను.
దిబ్బలన్నిటి వైపూ చూసింది,
కొండ వాలు మొదలయ్యే దాకా చూసింది.
మర్చిపోయానంది.

తర్వాత కత్తి తీసి మూడు తీగలు కోసింది.
కోసిన చోట పాలు ఊరి
బొటనవేలి మీదికి జారాయి.
చేత్తో దిబ్బ గుల్ల చేసి
గాయం కిందికి ఉండేలా
మట్టిలోకి నొక్కింది.

వేలి మీది పాలు అప్పటికే నల్లబడుతున్నాయి.
బిస్కట్లు తడిపావేమే అని తిట్టింది.